సొన్‌మత్ అంటే చేతి రుచి

మా హిందూపురం వైపు పిల్లలకు రెండు భాషలు బడికి పోకముందే వస్తాయి. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం. కర్ణాటక సరిహద్దు పక్కనే ఉండడం వల్ల వచ్చిన లాభం అది. ఇప్పుడు మూడో భాష కూడా మన దారిలోకి వచ్చింది. బెంగళూరు నుంచి అనంతపురం పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద పెనుకొండ దాటేటప్పుడు బస్సు కిటికీలోంచి చూస్తే గుండ్రాలు, గీతలతో ఉన్న కొత్త అక్షరాల బోర్డులు కనిపిస్తాయి. అవి కొరియా అక్షరాలు. 2017 ఏప్రిల్‌లో కియా కంపెనీ మన రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర 536 ఎకరాల్లో ఫ్యాక్టరీ కట్టింది. 2019 డిసెంబర్ 5న దానిని లాంఛనంగా ప్రారంభించారు. ఏడాదికి 3 లక్షల కార్లు తయారు చేయగల ఫ్యాక్టరీ అది. దాని వెంట విడిభాగాల కంపెనీలు, వాటితో పాటు కొరియా మనుషులు, వాళ్ళ కోసం వాళ్ళ వంటలు చేసే హోటళ్ళు వచ్చాయి.

ఫ్యాక్టరీ గురించి పేపర్లలో చాలా రాశారు. నేను రాయబోయేది ఒక జాడీ గురించి. మా హాస్టల్ వంటగదిలో ముగ్గురు అమ్మాయిలం కలిసి పెట్టిన జాడీ అది.

నేను డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉన్నప్పుడు కాలేజీలో విద్యార్థుల వంటల ప్రదర్శన పెట్టారు. ఒక్కో జట్టు ఒక్కో దేశం వంట చేసి చూపించాలి. వంటతో పాటు ఆ దేశం ఆచారాలు కూడా పది నిమిషాల్లో చెప్పాలి. స్టేజి మీద పొయ్యి పెట్టకూడదు. ఇటలీ, చైనా, మెక్సికో మొదటి రోజే అయిపోయాయి. మా హాస్టల్ నుంచి ముగ్గురం పేర్లు ఇచ్చాము. హాస్టల్లో మమ్మల్ని ఊరి పేర్లతోనే పిలిచేవారు కాబట్టి ఇక్కడా అలాగే రాస్తాను. ధర్మవరం అక్క మాకంటే ఒక సంవత్సరం పెద్దది, వాళ్ళ అమ్మానాన్నలు పట్టు మగ్గం కూలికి నేస్తారు. పెనుకొండ చెల్లి మొదటి సంవత్సరం. మూడోదాన్ని నేను.

కొరియా పేరు చెప్పింది చెల్లే. "అక్కా, మా ఊరోళ్ళు దినామూ సూసేదే కదా, మనం చెప్పకుంటే ఇంకెవరు చెప్తారు?" అంది. అప్పటికి మాకు కొరియా అంటే సెల్‌ఫోన్లో చూసే సీరియళ్ళు, బీటీఎస్ పాటలు. చెల్లికి మాత్రం వాళ్ళ చిన్నాన్న ఒక విడిభాగాల కంపెనీ క్యాంటీన్లో పనిచేయడం వల్ల వంటల సంగతి కొంచెం తెలుసు.

మేము చదువుతూ పోయేకొద్దీ ఆశ్చర్యపోయిన విషయాలు చాలా ఉన్నాయి. కొరియా పిల్లలు నాన్నను "అప్పా" అంటారు. అమ్మను "ఒమ్మా" అంటారు. మన వైపు కన్నడం మాట్లాడే ఇళ్ళలో నాన్న అప్పానే కదా! అక్క, అన్న, చెల్లి, తమ్ముడు అనే వరసలు వాళ్ళకూ ఉన్నాయి. ఆడపిల్ల అక్కను "ఒన్ని" అని, అన్నను "ఒప్పా" అని పిలుస్తుంది. మగపిల్లవాడైతే అక్కను "నూనా" అని, అన్నను "హ్యోంగ్" అని పిలుస్తాడు. ఒక్క సంవత్సరం పెద్దయినా పేరు పెట్టి పిలవరు. వాక్యం కూడా మన వాక్యం లాగే నడుస్తుంది. "నానున్ బాబుల్ మొగొయో" అంటే వరసగా "నేను అన్నాన్ని తింటాను". క్రియ చివరికే వస్తుంది, "ని" లాంటి విభక్తి మాట వెనకే అతుక్కుంటుంది. 1905లో హోమర్ హల్బర్ట్ అనే అమెరికా ఆయన కొరియా భాషకూ మన ద్రావిడ భాషలకూ పోలికలు చూపిస్తూ ఒక పుస్తకమే వేశాడు. రెండూ ఒకే తల్లి బిడ్డలన్న మాటను నేటి భాషా శాస్త్రజ్ఞులు ఒప్పుకోరు. కానీ ఆ వాక్యం నేర్చుకోవడానికి మాకు ఐదు నిమిషాలు కూడా పట్టలేదు.

వాళ్ళ లిపికి ఒక కథ ఉంది. సేజోంగ్ అనే రాజు 1443లో దాన్ని తయారు చేయించి 1446లో ప్రజలకు ప్రకటించాడు. అంతకుముందు చైనా అక్షరాలే రాసేవారు. అవి నేర్చుకోవాలంటే ఏళ్ళు పట్టేది. చదువు పెద్దవాళ్ళ ఇళ్ళలోనే ఉండిపోయేది. మామూలు మనుషులు కూడా తమ మాట తాము రాసుకోవాలని ఆ రాజు 28 అక్షరాలు చేశాడు. ఇప్పుడు 24 వాడుతున్నారు. అక్షరం పలికేటప్పుడు నాలుక, పెదవులు ఎలా ఉంటాయో హల్లుల ఆకారం దాన్ని బట్టి గీశారు. చదువున్న పెద్దలు కొందరు ఆ లిపిని వద్దన్నారని, చాలాకాలం చిన్నచూపు చూశారని చదివినప్పుడు మా ధర్మవరం అక్క, "చదువు అందరికీ వస్తే కష్టమనుకునేవాళ్ళు అన్ని దేశాల్లోనూ ఉంటారే" అంది.

ఇక వంట. పొయ్యి లేకుండా చేయగలిగింది కిమ్చి. కిమ్చి లేకుండా కొరియాలో భోజనం ఉండదు. మనకు ఊరగాయ ఎలాగో వాళ్ళకు అది అలాగ, కానీ దానిలో నూనె ఉండదు. అసలు కిమ్చికి పొడుగు క్యాబేజీ కావాలి. మాకు దొరికింది హిందూపురం మార్కెట్లో గుండ్రటి క్యాబేజీ. దానితో కూడా కొరియాలో కిమ్చి పెడతారని తెలిసి ధైర్యం వచ్చింది. వాళ్ళు వాడే మిరపపొడి ఎర్రగా ఉంటుంది, మరీ మంట పుట్టదు, రవ్వలాగా బరకగా ఉంటుంది. మన వైపు దొరికే బ్యాడిగి మిరపకాయలు కూడా రంగు ఎక్కువ, కారం తక్కువ. గింజలు తీసి కచ్చాపచ్చాగా దంచితే దాదాపు అలాంటిదే వచ్చింది.

చేసే పద్ధతి రాస్తాను, కావలసినవాళ్ళు హాస్టల్లో చేసుకోవచ్చు. 2 కిలోల క్యాబేజీని పెద్ద ముక్కలుగా తరిగి రాళ్ళ ఉప్పు చల్లి 2 గంటలు వదిలేయాలి. మధ్యలో ఒకసారి కిందా మీదా చేయాలి. ఉప్పు ముక్కల్లోని నీళ్ళు లాగేస్తుంది, ఆకు వంచితే విరగకుండా వంగుతుంది. అప్పుడు రెండుసార్లు కడిగి నీళ్ళు వాడ్చాలి. రెండు చెంచాల బియ్యప్పిండిని ఒక గ్లాసు నీళ్ళలో గంజిలాగా కాచి చల్లార్చాలి. దానిలో దంచిన మిరపపొడి, వెల్లుల్లి, అల్లం, కొంచెం బెల్లం కలిపి ముద్ద చేయాలి. సన్నగా తరిగిన ముల్లంగి, ఉల్లికాడలు వేయాలి. కొరియావాళ్ళు ఉప్పులో ఊరిన రొయ్యలో, చేపల రసమో వేస్తారు. మేము ఎండు రొయ్యలు వేయించి పొడి చేసి వేశాము. ఈ ముద్దను ఆకు ఆకుకూ చేత్తో పట్టించి జాడీలో గాలి లేకుండా అదిమి పెట్టాలి. పైన నాలుగు వేళ్ళ ఖాళీ ఉంచాలి, ఎందుకంటే అది పులిసేటప్పుడు పొంగుతుంది. చలిదేశంలో నెమ్మదిగా పులుస్తుంది. మన ఎండకు రెండు రోజులు చాలు. దోసెపిండిని, పెరుగును పులిపించే జాతి సూక్ష్మజీవులే దీన్నీ పులిపిస్తాయి. మూడో రోజు మూత తీస్తే బుస్సుమంది. రూములో ఉన్న పన్నెండుమందీ లేచి కూర్చున్నారు.

కొరియా బౌద్ధ మఠాల్లో చేపా రొయ్యా లేకుండా, వెల్లుల్లి కూడా లేకుండా కిమ్చి పెడతారు. అందుకని మేము రెండో జాడీ కూడా పెట్టాము, రొయ్యలు తిననివాళ్ళ కోసం.

కిమ్చి ఎప్పుడూ ఎర్రగా లేదు. మిరపకాయ అమెరికా ఖండం పంట. 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్ళ ఓడల్లో మన దేశానికి వచ్చింది. అదే శతాబ్దం చివరికి కొరియాకూ చేరింది. దానికి ముందు వాళ్ళ కిమ్చి తెల్లగా ఉప్పులో ఊరేది, మన పులుసుకు కారం మిరియాలే. మన ఊరుబిండికీ, వాళ్ళ కిమ్చికీ ఎరుపు ఇచ్చింది ఒకే చుట్టం. ఈ మాట స్టేజి మీద చెప్పాలని ఎర్ర ఇంకుతో రాసి పెట్టుకున్నాను.

ఇంకొక విషయం మమ్మల్ని ఎక్కువ కదిలించింది. కొరియాలో పాతతరం వాళ్ళకు "బోరిట్‌గొగే" అనే మాట తెలుసు. బోరి అంటే బార్లీ, గొగే అంటే కొండదారి. కోత కోసిన వడ్లు అయిపోయి, బార్లీ ఇంకా చేతికి రాని వసంతకాలపు ఆకలి రోజులకు ఆ పేరు. ఆ కొండ దాటితే బతికినట్టు. 1950 నుంచి 1953 దాకా జరిగిన యుద్ధంలో ఆ దేశం బూడిదయింది. మన దేశం కూడా అక్కడికి సైనిక వైద్య దళాన్ని పంపింది. సరిగ్గా ఆ రోజుల్లోనే మన రాయలసీమలో కరువు. మా అవ్వ చిన్నపిల్లగా గంజి కేంద్రం దగ్గర చెంబు పట్టుకొని నిలబడిన సంగతి చెప్పేది. అందుకేనేమో రెండుచోట్లా పలకరింపు ఒక్కటే. కొరియాలో మనిషి ఎదురుపడితే "బాప్ మొగొస్సొయో?" అంటారు. "అన్నం తిన్నారా?" అని అర్థం. మా ఊళ్ళో "బువ్వ తిన్యావా?" అంటారు. బాగున్నావా అనే మాట రెండుచోట్లా కడుపు నుంచే మొదలవుతుంది.

వంటగదిలో మేము ముద్ద కలుపుతుంటే మా కుక్ అక్క వచ్చి చూసింది. ఒక ముక్క నోట్లో వేసుకొని, "మీ ముగ్గురూ కలిపితే మూడు రుచులొస్తాయి పాపా. ఒక చేత్తోనే కలపండి" అంది. ఆ మాటకు చెల్లి ఎగిరి గంతేసింది. కొరియా భాషలో సరిగ్గా దీనికి ఒక మాట ఉందట. "సొన్" అంటే చేయి, "మత్" అంటే రుచి. సొన్‌మత్ అంటే చేతి రుచి. అవే దినుసులు, అదే కొలత, అయినా అమ్మ కలిపితే వేరు, ఇంకొకరు కలిపితే వేరు. మనం "ఆమె చేతిలో ఏదో ఉంది" అంటాము కదా, అదే.

ప్రదర్శన రోజు మా బల్ల మీద ధర్మవరం అక్క వాళ్ళమ్మ నేసిన పట్టు ముక్క ఒకటి పరిచాము. కొరియా ఆడవాళ్ళ పండగ బట్టలు మన లంగా, జాకెట్టులాగే రెండు భాగాలు. పైది "జొగొరి", కింది లంగా "చీమా". ఈ మాట చెప్పినప్పుడు హాలంతా నవ్వింది. రెండు జాడీలు, ఒక పళ్ళెం కింబాప్ చుట్టలు పెట్టాము. అన్నం హాస్టల్లోనే వండి నువ్వుల నూనె కలిపి తెచ్చాము. చుట్టడానికి సముద్రపు నాచు కాగితాలను బెంగళూరులో చదివే సీనియర్ అక్క పంపింది.

మొదలుపెట్టబోతుండగా నిర్వాహకుల్లో ఒకరు మా బల్ల దగ్గరకు వచ్చారు. ప్లాస్టిక్ గ్లౌజుల ప్యాకెట్ ఒకటి పెట్టి, "మీరు ఇవి వేసుకొని కలపండమ్మా, అందరూ తినాలి కదా" అన్నారు. పక్క బల్ల మీద చపాతీ పిండిని వట్టి చేతులతోనే పిసుకుతున్నారు. ఇంకొక బల్ల మీద పండ్లు వట్టి చేతులతోనే కోస్తున్నారు. ఆ ప్యాకెట్ మా బల్ల మీదకు మాత్రమే ఎందుకు వచ్చిందో మాకు ఎవరూ చెప్పనక్కర లేదు. సోషల్ వెల్ఫేర్ హాస్టల్లో పెరిగిన పిల్లలకు ఇలాంటివి అర్థం కావడానికి భాష అవసరం లేదు. చెల్లి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకు నోట మాట రాలేదు.

ధర్మవరం అక్క మాత్రం నెమ్మదిగా, మర్యాదగా అడిగింది. "తప్పకుండా వేసుకుంటాము మేడమ్. కొరియాలో కూడా మిరప మంటకు వేసుకుంటారు. శుభ్రత కోసమైతే అన్ని బల్లలకూ ఒక్కో ప్యాకెట్ ఇప్పించండి, నేనే పంచి వస్తాను." ఆమె ఒక నిమిషం నిలబడ్డారు. తర్వాత లోపలి నుంచి ఇంకా ప్యాకెట్లు తెప్పించారు. అక్క ప్రతి బల్లకూ వెళ్ళి నవ్వుతూ ఇచ్చి వచ్చింది. అరవలేదు, ఏడవలేదు. ఇది జరిగిన తర్వాతే నాకు ప్రసంగంలో ఏం చెప్పాలో తెలిసింది. ఎర్ర ఇంకుతో రాసుకున్న కాగితం మడిచి పక్కన పెట్టి సొన్‌మత్ గురించి చెప్పాను.

"కొరియాలో చలికాలం ముందు ఊరంతా కలిసి కిమ్చి పెట్టుకుంటారు. దాన్ని కిమ్‌జంగ్ అంటారు. ఒకరి ఇంటికి పదిమంది వస్తారు, చేతులతో కలుపుతారు, తలా ఒక గిన్నె పట్టుకుపోతారు. 2013లో యునెస్కో దీన్ని మానవజాతి వారసత్వంగా గుర్తించింది. వాళ్ళు గుర్తించింది కిమ్చిని ఒక్కదాన్నే కాదు, కలిసి పెట్టుకోవడాన్ని, పంచుకోవడాన్ని. చేతి రుచి తెలియాలంటే ఆ చేతి నుంచి తీసుకోవాలి. కొరియాలో పెద్దవాళ్ళు ఇచ్చింది రెండు చేతులతో అందుకుంటారు. మేము ఈరోజు రెండు చేతులతో ఇస్తాము" అన్నాను. ముగ్గురం తల వంచి నమస్కారం చేసి, "జల్ మొక్‌కెస్సుమ్నిదా" అని ఎలా అనాలో అందరితో అనిపించాము. బాగా తింటాను అని దాని అర్థం, అన్నం ముందు అనే మాట.

జాడీ మూత తీయగానే ముందు వరసలో కొందరు ముక్కు మూసుకున్నారు. ఎండు చేప డబ్బా తెరిస్తే క్లాసులో మమ్మల్ని చూసి మూసుకున్నట్టే. కొంచెంసేపు ఎవరూ లేవలేదు. ఆ కొంచెంసేపు చాలా పొడుగ్గా అనిపించింది. అప్పుడు వెనక వరస నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. "మా అన్న కంపెనీ క్యాంటీన్లో ఇది పెడతారు" అని రెండు చేతులు చాచాడు. తిని, "ఇంకా కొంచెం పులవాల" అన్నాడు. హాలు నవ్వింది. అతని వెనక నలుగురు, వాళ్ళ వెనక పదిమంది వచ్చారు. గ్లౌజుల ప్యాకెట్ పెట్టిన మేడమ్ కూడా చివర్లో వచ్చి, రొయ్యలు లేని జాడీలోంచి ఒక ముక్క తీసుకున్నారు. "బాగుందమ్మా" అన్నారు. మాకు బహుమతి రాలేదు. మొదటి బహుమతి కేకు చేసినవాళ్ళకు వచ్చింది. రొయ్యల జాడీ పావు వంతు మిగిలింది. ఆ రాత్రి హాస్టల్లో వేడి సంగటితో అది కూడా అయిపోయింది. కిమ్చికి అన్నం కంటే రాగి సంగటే బాగా కుదురుతుందని ఆ రోజు కనిపెట్టినవాళ్ళము మేమే అనుకుంటాము.

ఈ సంఘటన గురించి నేను చాలాసార్లు ఆలోచించాను. అందరూ తిన్నారు కాబట్టి అంతా మారిపోయిందని నేను చెప్పను. ఆ రోజు తిన్నవాళ్ళలో కొందరు మా ఇళ్ళల్లో సంగటి పెడితే తింటారో లేదో నాకు అనుమానమే. దూరదేశపు వంట అనేసరికి చేయి చాచినవాళ్ళకు ఊరి చివరి వంట ఇంకా దూరంగానే ఉండవచ్చు. కానీ నేర్చుకున్నది ఒకటి ఉంది. ఇంకొకరి అన్నం గురించి గౌరవంగా మాట్లాడడం నేర్చుకుంటే మన అన్నం గురించి మాట్లాడడానికి కూడా గొంతు వస్తుంది. అంతవరకు నేను సంగటి, ఎండు చేపలు, చింతాకు ఊరుబిండి గురించి నలుగురిలో మాట్లాడినదాన్ని కాదు. కిమ్చి వాసన గురించి పది నిమిషాలు గర్వంగా చెప్పిన తర్వాత మా ఇంటి వాసన గురించి చెప్పడానికి సిగ్గు వేయలేదు.

హాస్టల్లో ఇప్పుడు చదువుతున్న తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ రెండు మాటలు. ఫ్యాక్టరీ మన పక్కనే ఉంది కాబట్టి ఉద్యోగం దానంతట అదే రాదు. ఐటీఐ, డిప్లొమా చదువుతో పాటు భాష వస్తే దారి వెడల్పవుతుంది. కొరియా భాషకు టోపిక్ అనే పరీక్ష ఉంది. అందులో 6 స్థాయిలు ఉంటాయి. మొదటి రెండు స్థాయిలు తెలుగు వాక్యం తెలిసినవాళ్ళకు భయపడేంత కష్టం కాదు. ఆ 24 అక్షరాలు వారం రోజుల్లో వస్తాయి. మన ముందు తరాలకు బడి తలుపే మూసి ఉండేది. అది తెరుచుకొని మనం ఇక్కడిదాకా వచ్చాము. ఇంకొక లిపి దగ్గర ఆగిపోవడం ఎందుకు?

రెండో మాట. వచ్చే వార్షికోత్సవానికి మన హాస్టల్లోనే వంటల ప్రదర్శన పెట్టండి. ఒక బల్ల మీద కిమ్చి, కింబాప్ పెట్టండి. దాని పక్క బల్ల మీద సంగటి, ఊరుబిండి, ఎండు చేపల పులుసు పెట్టండి. కాలేజీలో మీతో చదివే అందరినీ పిలవండి. వచ్చినవాళ్ళను ముందు "అన్నం తిన్నారా?" అని అడగండి. గ్లౌజులు వేసుకుంటే అందరూ వేసుకోండి, లేకపోతే ఎవరూ వద్దు.